దుర్యోధనుడికి స్వర్గంలో సింహాసనం ఎందుకు వేశారు?

పేపర్లో శ్రద్ధాంజలి ప్రకటనలుండే పేజీని ఒకసారి మాటల కోసం చదివి చూడండి. ఒకాయన స్వర్గస్థులయ్యారు. పక్క పెట్టెలో ఇంకొకరు శివైక్యం చెందారు. కింద ఒక పెద్దావిడకు వైకుంఠ ప్రాప్తి. ఒకరు దివంగతులు, మరొకరు కీర్తిశేషులు. మొదటి పేజీలో సరిహద్దులో చనిపోయిన జవాను ఫొటో ఉంటే ఆయనది వీరమరణం, ఆయన అమరుడు. అందరికీ జరిగింది ఒక్కటే. మాటలు చూస్తే మాత్రం ఒక్కొక్కరూ ఒక్కో ఊరికి బయల్దేరినట్టుంటుంది.

ఆ మాటల వెనక ఉన్న ఊళ్లు నిజంగానే వేరు. స్వర్గం ఇంద్రుడి పట్నం. శివైక్యంలో ఊరే లేదు, కలిసిపోవడమే. 'కీర్తిశేషులు' అంటే కీర్తి మాత్రమే మిగిలినవారు, అందులో పరలోకం ఊసే లేదు. ఇక 'వీరమరణం' మనిషి ఎక్కడికి వెళ్లాడో చెప్పదు, ఎలా పోయాడో చెబుతుంది. వాదులాటలు మొదలయ్యేది ఈ చివరి మాట దగ్గరే. పోలీసులు అక్టోబర్ 21న తమ అమరవీరులను తలుచుకుంటారు. వాళ్లతో పోరాడిన మావోయిస్టులు జూలై చివర్లో తమ అమరవీరులను తలుచుకునేవారు. మాట అదే, మనుషులు ఎదురెదురు. 'వీడు వీరుడెలా అవుతాడు' అని ఒకరు, 'వాడెలా అవుతాడు' అని మరొకరు.

వీరస్వర్గం మంచివాడికా, ధైర్యంగా చచ్చినవాడికా? ఈ ప్రశ్నను మనకంటే ముందు ధర్మరాజు అడిగాడు. అదీ స్వర్గంలోనే నిలబడి, కోపంగా. ఆ సన్నివేశం అర్థం కావాలంటే ముందు కొన్ని మాటలు విడదీసుకోవాలి.

స్వర్గం, నరకం, మోక్షం ఒకే మెట్ల మీద లేవు

మన రోజువారీ మాటల్లో స్వర్గం అంటే పాస్, నరకం అంటే ఫెయిల్. పాత గ్రంథాల్లో లెక్క అది కాదు. అక్కడ రెండూ తాత్కాలికమే. స్వర్గం ప్రీపెయిడ్ రీఛార్జ్ లాంటిది. బ్యాలెన్స్ ఉన్నన్నాళ్లే అనుభవం. భగవద్గీత తొమ్మిదో అధ్యాయం ఈ మాట మొహమాటం లేకుండా చెప్పేసింది: 'క్షీణే పుణ్యే మర్త్యలోకం విశంతి'. పుణ్యం అయిపోగానే మళ్లీ ఇక్కడికే వచ్చి పడతారు. నరకం కూడా గడువున్న శిక్షే, యావజ్జీవం కాదు. మోక్షం ఈ రెండింటికీ పైన ఉన్న మూడో అంతస్తు అనుకుంటాం గానీ, అది ఈ రాకపోకల నుంచే బయటపడటం.

వీటికి తోడు పితృలోకం ఒకటుంది. పోయిన తాతలు, ముత్తాతలు ఉండేచోటు. అక్కడివాళ్లు సొంత పుణ్యం మీద కంటే ఇక్కడున్న పిల్లలు పెట్టే పిండం మీద, వదిలే నువ్వుల నీళ్ల మీద ఆధారపడతారు. మరి నాన్న స్వర్గంలో ఉంటే తద్దినం నాడు పెట్టే పిండం ఎవరు తింటారు? ఆయన ఇప్పటికే ఎక్కడో మళ్లీ పుట్టేసి ఉంటే? ప్రతి ఇంట్లో ఏదో ఒక తరంలో ఒక పిల్లాడు ఈ ప్రశ్న అడిగి తిట్లు తినే ఉంటాడు. శాస్త్రాల్లో జవాబులు ఉన్నాయి, కానీ అవి అతుకుల్లా కనిపిస్తాయి. కారణం, ఈ ఊహలన్నీ ఒకేసారి పుట్టినవి కావు. పాత ఇంటికి తరానికో గది కలుపుకుంటూ పోతే తలుపులన్నీ ఒకే వరసలో రావు కదా.

మొదటి గదిలో యముడు, రెండు కుక్కలు

తెలుగువాళ్లకు యముడంటే సినిమా యముడే. దున్నపోతు, గద, పక్కన చిట్టా విప్పే చిత్రగుప్తుడు. ఋగ్వేదం పదో మండలంలోని యముడు ఇంకొకరు. అక్కడ ఆయన అందరికంటే ముందు ఆ దారిన వెళ్లి, తర్వాతివాళ్లకు బాట చూపించినవాడు. ఆ దారిలో దేవతల కుక్క సరమకు పుట్టిన రెండు కుక్కలు కాపలా ఉంటాయి, ఒక్కోదానికి నాలుగేసి కళ్లు. వాటిని దాటుకుని వెళ్తే యముడు, పితరులు కలిసి సంతోషంగా ఉండే చోటు వస్తుంది. నూనె కాగులు, రంపాలు ఉన్న నరకం ఇంకా అక్కడ లేదు.

అదే మండలంలో 154వ సూక్తం చావు దగ్గర చెప్పే చిన్న ప్రార్థన. పోయిన మనిషి ఎవరెవరి దగ్గరికి చేరాలో అందులో వరసగా ఉంటుంది. తపస్సుతో స్వర్గానికి వెళ్లినవాళ్ల దగ్గరికి, యుద్ధాల్లో పోరాడి శరీరం వదిలిన శూరుల దగ్గరికి, వేలకొద్దీ దక్షిణలిచ్చినవాళ్ల దగ్గరికి, ఋతాన్ని, అంటే సత్యాన్ని, నిలబెట్టిన పూర్వుల దగ్గరికి. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. తాపసి, యోధుడు, దాత, సత్యవంతుడు ఒకే బంతిలో కూర్చున్నారు. యోధుడు సత్యవంతుడు కూడా అయి ఉండాలన్న షరతు లేదు. పోరాటంలో ఒళ్లు వదిలేయడమే అతని టికెట్.

రెండు ఖాతాలు ఇక్కడే మొదలయ్యాయి. ఒకటి బతికిన తీరుది, ఇంకొకటి చచ్చిన తీరుది.

ఒళ్లే హవిస్సు

యుద్ధంలో చావుకు అంత విలువ ఎలా వచ్చింది? దీని వెనక ఒక తర్కం ఉంది. యజ్ఞం చేస్తే స్వర్గం వస్తుంది. యజ్ఞంలో మనకు విలువైనది అగ్నికి ఇస్తాం. మనిషి దగ్గర ఒంటికంటే విలువైనది లేదు. కాబట్టి యుద్ధంలో ఒళ్లు ఇచ్చినవాడు అన్నిటికంటే పెద్ద యజ్ఞం చేసినట్టు. మహాభారతం ఈ పోలికను పట్టుకుని చాలా దూరం వెళ్తుంది. ఉద్యోగపర్వంలో కర్ణుడు రాబోయే యుద్ధాన్ని కృష్ణుడికి ఒక యజ్ఞంగానే వర్ణిస్తాడు. అందులో దీక్ష పట్టినవాడు దుర్యోధనుడు, మంత్రాలు చదివే హోత అర్జునుడు, నెయ్యి పోసే గరిటె (స్రుక్కు) గాండీవం, వీరుల పరాక్రమమే నెయ్యి. తన పక్షం ఓడుతుందని తెలిసీ చెబుతున్న మాటలవి.

ఇంకోవైపు నుంచి భయపెట్టడమూ ఉంది. క్షత్రియుడు జబ్బుతో మంచంలో చనిపోవడం అధర్మమని శాంతిపర్వంలో భీష్ముడంటాడు. ఆ మాట అంపశయ్య మీద పడుకుని అన్నాడు. ఆయనకు దక్కిన పడక అదే మరి, 58 రాత్రులు. విదురుడైతే సూర్యమండలాన్ని చీల్చుకుని పోయేవాళ్లు ఇద్దరే అంటాడు. ఒకరు యోగంలో ఉన్న సన్న్యాసి, రెండోవాడు శత్రువుకు ఎదురుగా నిలబడి చచ్చినవాడు. సర్వం వదిలేసినవాణ్ణీ కత్తి పట్టినవాణ్ణీ ఒక్క తాటి మీద నిలబెట్టిన మాట ఇది. ఇద్దరిలో ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే, ఒంటి మీద ఆశ లేకపోవడం.

రాజులకు ఇదెంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. సైన్యం నిలబడాలంటే పారిపోనివాళ్లు కావాలి. వాళ్లకు ఇవ్వగలిగిన జీతాల్లో స్వర్గమంత చవకైనది లేదు. 'హతో వా ప్రాప్స్యసి స్వర్గం, జిత్వా వా భోక్ష్యసే మహీం', చస్తే స్వర్గం, గెలిస్తే రాజ్యం అన్న గీతావాక్యాన్ని అలా చదివేవాళ్లూ ఉన్నారు. అదే గీత ఆ వెంటనే సుఖదుఃఖాలు, జయాపజయాలు సమానంగా చూడమంటుంది. అంటే స్వర్గం ఆశ కూడా వదిలేయమనే. ఈ రెండు మాటలు ఒకదాని పక్కన ఒకటి ఉండటం పొరపాటు కాదు. ఎదురుగా కూర్చున్న అర్జునుడు లేచి నిలబడాలంటే ముందు అతనికి అర్థమయ్యే లెక్క చెప్పాలి.

స్త్రీపర్వంలో ధర్మరాజు వేసిన లెక్క

యుద్ధం అయిపోయాక ధృతరాష్ట్రుడు రెండు ప్రశ్నలడిగాడు. ఎంతమంది పోయారు? ఎక్కడికి పోయారు? మొదటిదానికి ధర్మరాజు చెప్పిన అంకెను 166 కోట్ల 20 వేలుగా లెక్కగడతారు. ఆచూకీ దొరకనివాళ్లు ఇంకో 24,165 మంది. ఇది చరిత్ర అంకె కాదు, దుఃఖం అంకె. చివర్లో ఆ 165 దాకా లెక్కపెట్టడం మాత్రం నన్ను ఎప్పుడూ ఆపేస్తుంది.

రెండో జవాబు మనకు బాగా పనికొస్తుంది. ఒకే పక్షంలో, ఒకే రోజు పోయిన ఐదుగురు సైనికులను ఊహించుకోండి.

మొదటివాడు ఉత్సాహంగా యుద్ధంలోకి దూకి పోయాడు. అతను ఇంద్రలోకం లాంటి లోకాలకు వెళ్లాడు. రెండోవాడికి ఇష్టం లేదు, 'ఎలాగూ చావాలి కదా' అనుకుంటూ పోరాడి పోయాడు. అతను గంధర్వులను చేరాడు. మూడోవాడు ప్రాణభిక్ష అడుగుతూ వెనక్కి తిరిగినప్పుడు కత్తివేటు పడింది. అతను గుహ్యకుల దగ్గరికి, అంటే యక్షుల కోవలోని చిన్న దేవతల దగ్గరికి వెళ్లాడు. నాలుగోవాడి చేతిలో ఆయుధం పోయింది, ఒళ్లంతా గాయాలు, అయినా వెన్ను చూపడానికి సిగ్గుపడి ఎదురుగానే నిలబడి నరికించుకున్నాడు. అతను బ్రహ్మలోకానికి వెళ్లాడు. ఐదోవాడు పోరాట వరసల్లో కాక, రణభూమి పక్కనెక్కడో ఏదోలా పోయాడు. అతను ఉత్తరకురు భూములకు, అంటే ఉత్తరాన ఎక్కడో ఉందని చెప్పే పుణ్యభూమికి చేరాడు.

ఈ జాబితాలో లేనిదేంటో చూడండి. ఎవరి పక్షమన్న ప్రశ్న లేదు. ఎంతమందిని చంపాడన్నదీ లేదు. అందరికంటే పైకి వెళ్లింది ఎక్కువమందిని చంపినవాడు కాదు, చేతిలో ఏమీ లేకుండా నిలబడినవాడు. పారిపోబోయినవాడిని కూడా నరకానికి పంపలేదు, కాస్త కింది వరసలో కూర్చోబెట్టారంతే. కొడుకులందరినీ పోగొట్టుకున్న ముసలి తండ్రికి చెబుతున్న జవాబు కాబట్టి మెత్తగా చెప్పాడని కొందరంటారు. కావచ్చు. కానీ ఈ లెక్క వెనక ఉన్న సూత్రం భారతమంతా అదే.

ఆయుధంతో చంపమని వేడుకున్నవాడు

ఆ సూత్రం ఎంత గట్టిదో సౌప్తికపర్వంలో ఒక రాత్రి తెలుస్తుంది. అశ్వత్థామ పాండవ శిబిరంలోకి దొంగతనంగా చొరబడ్డాడు. నిద్రపోతున్న ధృష్టద్యుమ్నుణ్ణి జుట్టు పట్టుకుని లాగి, కాళ్లతో తొక్కి చంపుతున్నాడు. ఆ క్షణంలో ధృష్టద్యుమ్నుడు ప్రాణం అడగలేదు. ఆయుధంతో చంపు, పుణ్యలోకాలకు పోతాను అని అడిగాడు. గురువును చంపినవాళ్లకు లోకాలే లేవు, నీకు ఆయుధం దండగ అని అశ్వత్థామ అలాగే తొక్కి చంపాడు.

ఇద్దరికీ రూల్ ఒకటే తెలుసు. ఒకడు దాన్ని వాడుకోబోయాడు, ఒకడు అడ్డుకున్నాడు. ప్రాణం తీయడం చాలదు, పరలోకం కూడా తీసెయ్యాలన్నది అశ్వత్థామ పగ. అది పారలేదు. స్వర్గారోహణపర్వంలో ధృష్టద్యుమ్నుడు తాను పుట్టిన అగ్నిలోనే కలిసిపోయాడు. అశ్వత్థామకు మాత్రం కృష్ణుడి శాపం తగిలింది. 3,000 ఏళ్లు ఒళ్లంతా చీము నెత్తురుతో, పలకరించే దిక్కు లేకుండా తిరగాలి. మనం చిరంజీవుల శ్లోకంలో అతని పేరు భక్తిగా చదువుతాం గానీ, ఆ కథలో చావు దొరక్కపోవడమే అతని శిక్ష.

స్వర్గంలో ధర్మరాజుకు వచ్చిన కోపం

ఇప్పుడు అసలు చిక్కు. దుర్యోధనుడు తొడలు విరిగి పడిపోయాడు. భీముడు తల మీద కాలు పెట్టాడు. ఆ స్థితిలో దుర్యోధనుడు కృష్ణుడితో ఒక మాటంటాడు: చదువుకున్నాను, దానాలిచ్చాను, భూమిని ఏలాను, శత్రువుల తలల మీద నిలబడ్డాను, నాకంటే బాగా పోయేవాడెవడు? వెంటనే ఆకాశం నుంచి పూలవాన కురిసింది. పాండవులు సిగ్గుపడ్డారు. కథ మొత్తం ఇతన్ని తప్పు పడుతూ వచ్చి, చివరికి పూలు మాత్రం ఇతని మీద చల్లింది.

ఏళ్లు గడిచాయి. పాండవులు ఉత్తరానికి నడిచారు. దారిలో ద్రౌపది, సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు ఒక్కొక్కరే పడిపోయారు. ధర్మరాజు వెంట వచ్చిన కుక్కను వదలనని పట్టుబట్టి, ఒంటితోనే స్వర్గం చేరాడు. అక్కడ మొదట కనిపించింది, సూర్యుడిలా వెలుగుతూ సింహాసనం మీద కూర్చున్న దుర్యోధనుడు. తమ్ముళ్లు లేరు. ధర్మరాజు మొహం తిప్పుకున్నాడు. ఇతనితో పాటు ఈ లోకం నాకు వద్దు, నా తమ్ముళ్లున్న చోటికి తీసుకెళ్లండి అన్నాడు. నారదుడు నవ్వి, అలా అనకు, స్వర్గంలో పగలు ఉండవు, ఇతను తన ఒంటిని యుద్ధంలో హోమం చేసి వీరలోకం పొందాడు అని చెప్పాడు.

తర్వాత దేవదూత ధర్మరాజును ఒక చీకటి దారిన తీసుకెళ్లాడు. నెత్తురు బురద, వెంట్రుకల నాచు, ఇనుప ముక్కుల కాకులు, కుళ్లు కంపు. వెనక్కి తిరగబోతే గొంతులు వినిపించాయి: కాసేపు ఆగు, నీ మీంచి వచ్చే గాలి మాకు హాయిగా ఉంది. ఎవరు మీరంటే కర్ణుడు, భీముడు, అర్జునుడు, ద్రౌపది అంటూ పేర్లు వచ్చాయి. ధర్మరాజు దేవతలను నిందించాడు, ధర్మాన్నే నిందించాడు. నేను ఇక్కడే ఉంటాను, వెళ్లి చెప్పుకో అని దేవదూతను పంపేశాడు. చీకటి విడిపోయి ఇంద్రుడు, ధర్మరాజు తండ్రి ధర్ముడు వచ్చింది ఆ తర్వాతే.

దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి? గ్రంథంలోనే మూడు వివరణలున్నాయి, అవి ఒకదానితో ఒకటి పూర్తిగా పొసగవు.

నారదుడిది చచ్చిన తీరు ఖాతా. క్షత్రియుడు వెన్ను చూపకుండా పోయాడు, లోకం దక్కింది, అంతే. బతికిన తీరు గురించి అడగొద్దు.

ఇంద్రుడిది కూడికల తీసివేతల ఖాతా. పాపం ఎక్కువున్నవాడు ముందు స్వర్గం అనుభవిస్తాడు, పుణ్యం ఎక్కువున్నవాడు ముందు నరకం చూసి తర్వాత స్వర్గానికి వస్తాడు. ధర్మరాజు అశ్వత్థామ పేరుతో ద్రోణుణ్ణి మోసం చేశాడు కాబట్టి అతనికీ మోసంగానే నరకం చూపించారు. ఈ లెక్కన దుర్యోధనుడి సింహాసనం నాలుగు రోజుల ముచ్చట, అసలు బిల్లు తర్వాత వస్తుంది. వినడానికి సబబుగానే ఉంది. చిక్కేంటంటే, ఆ బిల్లు వచ్చిన దృశ్యం ఆ పర్వంలో లేదు. చివర్లో కౌరవుల గురించి చెప్పేటప్పుడు కూడా 'శస్త్రపూతులై' స్వర్గానికి వెళ్లారనే ఉంది. ఆయుధం వాళ్లను కడిగేసిందన్నమాట.

ధర్ముడు ఇంకోటంటాడు: ఇది నీకు నేను పెట్టిన మూడో పరీక్ష. యక్షప్రశ్నలు మొదటిది, కుక్క రెండోది. తమ్ముళ్ల కోసం నరకంలో ఉండిపోతానన్నావు, నెగ్గావు. ఈ వివరణలో దుర్యోధనుడు ఎక్కడున్నాడన్నదే ముఖ్యం కాదు. స్వర్గమంటే మొహం మొత్తినవాడే దానికి అర్హుడన్నట్టుంది వ్యవహారం.

గ్రంథచరిత్ర చూసే పండితుల్లో చాలామందిది వేరే దారి. వేదకాలపు వీరుల స్వర్గం పాత పొర, కర్మఫలం, నరకం కొత్త పొర, రెండూ ఈ పర్వంలో ఢీకొన్నాయి, వివరణలు ఆ దెబ్బకు కట్టిన కట్లు అంటారు. సంప్రదాయ పండితులు దీనికి ఒప్పుకోరు. క్షత్రధర్మం కూడా ధర్మమే, దాని ఫలం దానిది, అధర్మం ఫలం దానిది, రెంటికీ గొడవే లేదన్నది వాళ్ల మాట. నాకైతే రెండు పక్షాలూ ఒక విషయం తేలిగ్గా దాటేస్తున్నాయనిపిస్తుంది. కూర్చినవాళ్లు ఎవరైనా, ఈ చిక్కును కనపడకుండా కుట్టేయడం వాళ్లకు చేతకాని పనేం కాదు. లక్ష శ్లోకాలంటున్న గ్రంథంలో పది శ్లోకాలు మార్చేస్తే సరిపోయేది. మార్చలేదు. చదివేవాడికి రావాల్సిన కోపాన్ని ముందే ధర్మరాజుకు తెప్పించి, దాన్ని అలాగే ఉంచేశారు. 13వ శతాబ్దంలో విరాటపర్వం నుంచి చివరిదాకా తెలుగు చేసిన తిక్కన చేతి మీదుగా ఈ కోపం మన భాషలోకీ వచ్చింది.

కథ విన్న జనమేజయుడు ఇంకో ప్రశ్న వేస్తాడు. సరే, వీళ్లంతా స్వర్గంలో ఎంతకాలం ఉన్నారు? జవాబు: కర్మ అయిపోయాక ఎక్కడి నుంచి వచ్చినవాళ్లు అక్కడికి. కర్ణుడు సూర్యుడిలోకి, భీష్ముడు వసువుల్లోకి, అభిమన్యుడు చంద్రుడిలోకి. అంత గొడవపడి చేరిన వీరస్వర్గం కూడా ఒక మజిలీయే.

పక్క ఊళ్ల పరలోకాలు

గ్రీకుల దగ్గర లెక్క ఇంకా కటువుగా ఉంటుంది. హోమర్ కావ్యాల్లోని మహావీరుడు అఖిలీస్‌కు రెండు దారులు తెలుసు. ట్రాయ్‌లో పోరాడితే త్వరగా చస్తాడు, నశించని కీర్తి వస్తుంది. ఇంటికెళితే ముసలివాడయ్యేదాకా బతుకుతాడు, పేరు ఉండదు. మొదటిదే జరిగింది. తర్వాత అతనితో కలిసి పోరాడిన ఒడిస్యూస్ చచ్చినవాళ్ల లోకానికి వెళ్లి, నువ్వు ఇక్కడ కూడా రాజువే కదా అంటే, చచ్చినవాళ్లందరికీ రాజుగా ఉండే కంటే సొంత పొలం చెక్క కూడా లేనివాడి దగ్గర కూలికి ఉండటం నయం అంటాడు అఖిలీస్. అక్కడ వీరుడికి వేరే స్వర్గం లేదు, మిగిలింది పేరొక్కటే. హాయిగా ఉండే ఎలీసియం ఒకటుంది గానీ, మెనెలావుస్ అనే రాజుకు అది రాసిపెట్టి ఉన్నది ధైర్యం వల్ల కాదు, దేవతల రాజు జ్యూస్‌కు అల్లుడు కావడం వల్ల. హోమర్ కావ్యంలోని 'నశించని కీర్తి' అన్న పదబంధం, ఋగ్వేదంలోని 'శ్రవః అక్షితం' మాటకు మాట అక్కాచెల్లెళ్లని భాషావేత్తలు 19వ శతాబ్దంలోనే పట్టుకున్నారు. మన 'కీర్తిశేషులు' ఆ ఊహకు దగ్గరి చుట్టం.

ఉత్తర యూరప్‌లో వీరుల పరలోకం వల్హల్లా, ఓడిన్ దేవుడి మందిరం. అది పూర్తిగా చచ్చిన తీరు ఖాతా. యుద్ధంలో పోయినవాళ్లలో సగం ఓడిన్‌కి, సగం ఫ్రేయా దేవతకి. జబ్బుతో, ముసలితనంతో పోయినవాళ్లు పాతాళాన్ని ఏలే హెల్ దగ్గరికి. అందరూ ఇష్టపడే బాల్డర్ దేవుడంతటివాడు కూడా రణంలో పోలేదు కాబట్టి అక్కడికే పోయాడు. వల్హల్లాకు 540 ద్వారాలు, ఒక్కోదాంట్లోంచి 800 మంది. గుణిస్తే 4,32,000, అంటే సరిగ్గా కలియుగం ఏళ్లు. దీని మీద పెద్ద సిద్ధాంతాలు అల్లినవాళ్లున్నారు. అయితే ఆ పాత భాషలో 'వంద' అంటే 120 కూడా అయ్యేది. అప్పుడు ద్వారాలు 640, మనుషులు 960, పోలిక పోయింది. పైగా వల్హల్లా గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం స్నోర్రి అనే ఐస్‌లాండ్ రచయిత నుంచి వచ్చింది. అతను క్రైస్తవుడు, ఇంచుమించు మన తిక్కన కాలంవాడు.

రాతి మీద మూడు అంతస్తులు

ఇదంతా పుస్తకాల్లోని మాట. తెలుగు, కన్నడ ఊళ్ల పొలిమేరల్లో ఇదే ఊహ రాతి మీద ఉంది. అదే వీరగల్లు. పూర్తిగా చెక్కిన రాయిని కింది నుంచి పైకి చదవాలి. కింది అంతస్తులో పోరు, కొన్నిటిలో పక్కన ఆవులు కూడా. మధ్యలో అప్సరసలు వీరుణ్ణి చేతులు పట్టుకుని పైకి తీసుకెళ్తుంటారు. పైన అతను శివలింగం ముందు కూర్చుని ఉంటాడు. అంచున సూర్యుడు, చంద్రుడు. అంటే మధ్య అంతస్తు ఇంద్రుడి స్వర్గం పద్ధతి, పై అంతస్తు కైలాసం. శిల్పి ఏ శాస్త్రచర్చా పెట్టుకోకుండా రెండు పరలోకాలను ఒకే రాయిలో సర్దేశాడు.

కన్నడ దేశపు వీరశాసనాల్లో తరచూ కనిపించే ఒక శ్లోకం ఆ బొమ్మకు సరిగ్గా సరిపోతుంది: గెలిస్తే లక్ష్మి, చస్తే సురాంగన, క్షణంలో పోయే ఒంటికి రణంలో చావంటే చింత దేనికి? గీతలో ఉన్న మాటే, కాకపోతే స్వర్గం బదులు అప్సరస.

ఈ రాళ్లలో ఉన్నవాళ్లంతా రాజులు, సేనానులు కారు. ఊరి మంద తోలుకుపోతుంటే అడ్డుపడినవాళ్లున్నారు, పులితో కలబడినవాళ్లున్నారు. అసలు శత్రువే లేని వీరులూ ఉన్నారు. శ్రీశైలంలో 14వ శతాబ్దంలో అనవేమారెడ్డి కట్టించిన వీరశిరోమండపం, భక్తులు తమ తలలు తామే కోసుకుని శివుడికి ఇచ్చుకున్న చోటు. స్త్రీపర్వం జాబితాలో అందరికంటే పైకెళ్లింది చేతిలో ఆయుధం లేనివాడైతే, ఇక్కడ ఆయుధం ఉన్నది తన మీదికే. ఒళ్లు వదిలేయడమే అర్హత అన్న పాత సూత్రాన్ని చివరంటా లాగితే ఇక్కడ తేలుతుంది.

కొన్నిచోట్ల చనిపోయినవాడి కుటుంబానికి పొలం ఇచ్చినట్టు కూడా శాసనాల్లో రాశారు. స్వర్గంతో పాటు ఇంట్లోవాళ్లకు తిండి కూడా చూడాలని ఊరికి తెలుసు. ఇప్పటి ఎక్స్‌గ్రేషియా చెక్కు, కూడలిలో విగ్రహం కొత్తగా పుట్టినవేం కావు.

సూర్యచంద్రులను చెక్కడంలో ఉద్దేశం ఆచంద్రార్కం, అవి ఉన్నంతకాలం. గీత లెక్కలో స్వర్గానికి అంత గడువు లేదు. కాబట్టి ఆ గుర్తు పైనున్న స్వర్గం గురించి కాదు, కింద ఊళ్లో ఉండాల్సిన పేరు గురించి అని నేను అనుకుంటాను. ఆ పేరు చాలా రాళ్ల మీద లేదు. అసలు చెక్కలేదో, ఎండావానలకు అరిగిపోయిందో. కొన్ని ఊళ్లలో ఆ రాయికి పసుపు రాసి ఏదో దేవుడి పేరుతో మొక్కుతారు. కింద కొట్టుకుంటున్నదెవరో, ఎవరి ఆవుల కోసమో చెప్పేవాళ్లు లేరు.

పల్నాడు కారంపూడిలో మాత్రం ఇంకా చెబుతారు. 12వ శతాబ్దపు దాయాదుల పోరులో పోయినవాళ్లకు అక్కడ నాగులేటి ఒడ్డున వీరుల గుడి ఉంది. కార్తీక అమావాస్యకు మొదలై రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు రోజులు జరుగుతుంది. ఆ వీరుల కథ పాడే వీరవిద్యావంతులు కథ ఎత్తుకుంటారు. బాలచంద్రుడు, కన్నమదాసు అంటూ పేర్లు పిలుస్తారు.